ముక్కున దారం పట్టిన పిట్టలు

అధ్యక్ష స్థానంలో ఉన్న కాగితం మిల్లు యజమానిగారికి, వారి పక్కన పూలగుత్తి వెనకాల సగమే కనిపిస్తున్న వర్తక సంఘం పెద్దలకు, ముందు వరసలో చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని నేనేం వాగుతానో అని ఇప్పటికే కంగారు పడుతున్న మా అత్తగారికి, బావగారికి, మావారికి, మా దుకాణంలో ఒక్కసారైనా శుభాకాంక్షల కార్డు కొన్నవాళ్ళకి, కొనకుండా అన్నీ తిరగేసి పెట్టి వెళ్ళిపోయినవాళ్ళకి కూడా, నా నమస్కారాలు. (నవ్వులు)

నాకు ఉపన్యాసాలు రావు, బేరాలు వచ్చు. ఈ ముప్ఫై ఏళ్ళూ కౌంటరు దగ్గర నోరు నాది, లోపలి గదిలో చెయ్యి మా అక్కది. ఈ రోజు పని విరమిస్తున్నది ఆవిడే. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, బావగారి భార్య, నాకు తోడికోడలు. తోడికోడళ్ళు ఒకే ఇంట్లో కలిసుంటేనే జనం వింతగా చెప్పుకుంటారు, మేం ఇంట్లోనూ కలిసున్నాం, దుకాణంలోనూ కలిసున్నాం. అది నా మంచితనం అనుకునేరు, కాదు. నేను గొంతు పెంచేసరికి ఆవిడ ఏ పాత అట్టపెట్టెలోనో తల దూర్చేసి ఉంటుంది, ఇక పోట్లాట ఎవరితో పెట్టుకోను? (నవ్వులు)

కొత్తవాళ్ళుంటే చెప్తాను. మా దుకాణంలో అమ్మేవి కానుకల మీద చుట్టే కాగితాలు, కార్డులు, పేర్లు రాసి కట్టే చిన్న చీటీలు, కాగితపు దండలు, మడిస్తే అరచేతిలో ఇమిడి విప్పితే గుమ్మడికాయంత అయ్యే గంటలు, అదిగో మీ తలల మీద వేలాడుతున్నాయే, అవి. అన్నీ కొత్తగా అచ్చయినవే, కానీ ఏది చూసినా తాతలనాటి పెట్టెలోంచి తీసినట్టుంటుంది. ఎందుకంటే ఆ బొమ్మలు నిజంగానే పాతవి. బిస్కెట్ డబ్బాల మూతల మీద, బట్టల తానులకు అంటించిన రంగు కాగితాల మీద, చిరిగిన పుస్తకాల అట్టల లోపలివైపు ఎక్కడెక్కడో దాక్కున్న బొమ్మల్ని మా అక్క వెతికి పట్టుకొచ్చి, చెరిగిపోయిన గీతలు మళ్ళీ గీసి, రంగు కలిపి, కాగితాన్ని టీ నీళ్ళలో ముంచి ఆరేసి, వాటికి రెండో జన్మ ఇస్తుంది.

ఆవిడ నాతో మాట్లాడిన మొట్టమొదటి మాట ఏమిటో తెలుసా? నా పెళ్ళయిన మర్నాడు చుట్టాలందరి మధ్య కూర్చుని కానుకలు విప్పుతున్నాను. కొత్త పెళ్ళికూతురిని, చేతులు ఊరుకోవు కదా, ఒక పెట్టె మీది కాగితం పరపరా లాగబోయాను. వెనక నించి "చింపకు!" అని ఒక కేక. ఈ ఇంట్లో ఏ తప్పు చేశానో అని చూస్తే, ఈ మహాతల్లి నా పక్కకొచ్చి కూర్చుని, గోరుతో ఒక్కో అతుకూ విప్పి, కాగితం మడతపెట్టి తీసుకుని, పెట్టె నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది. లోపల ఏముందో కూడా చూడలేదు. అత్తయ్యా, అప్పుడే నాకు అర్థమైంది, మీ పెద్ద కోడలికి పైన చుట్టిందే కానుక అని. (నవ్వులు)

పాత బీరువా ఎక్కడైనా అమ్ముతున్నారంటే చాలు, ఆవిడ కాళ్ళు నిలవవు. ఒకసారి నన్నూ వెంటేసుకెళ్ళింది. వచ్చినవాళ్ళంతా తలుపులు తట్టి చూస్తున్నారు, గడియలు లాగి చూస్తున్నారు, మా అక్కేమో నేల మీద చతికిలబడి కింది సొరుగు మొత్తం బయటికి లాగి దాని అడుగు చూస్తోంది. ఇంటాయన పరుగెత్తుకొచ్చి "ఏముందమ్మా అక్కడ?" అన్నాడు. "కాగితమండీ, ఇది నాకిచ్చేస్తారా?" అంది. అంతే, ఆస్తి కాగితాలేమో అని ఆయన సొరుగు రెండు చేతులా పట్టుకున్నాడు! తీరా చూస్తే, ఎప్పటిదో ఒక కానుక మీది కాగితం. పారేయడానికి మనసొప్పక ఏ ఇల్లాలో సాపు చేసి సొరుగు అడుగున పరుచుకుంది. ముందువైపంతా వెలిసిపోయింది గానీ, వెలుతురు తగలని వెనకమూలలో మాత్రం జానెడు మేర, ఎరుపు ఎర్రగానే ఉంది, బంగారు గీత బంగారంలాగే మెరుస్తోంది. మీద గీసిన తీగ ఎక్కడ మొదలైందో తెలీదు, ఎక్కడ ఆగిందో తెలీదు, ప్రతి ఆకు కిందా దాని నీడ కూడా గీశాడు ఆ బొమ్మ వేసినవాడు. మా అక్క ఊపిరి బిగబట్టి చూస్తూ, "ఎవరు వేశారోనే, పేరు కూడా లేదు. వాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో, చూడు, ఈ ఆకు మాత్రం ఇంకా తడిగా ఉన్నట్టుంది" అంది. నేనూ వంగి చూశాను. కాగితాలమ్ముకునే దాన్నే గానీ, కాగితం అంటే నాకు అంతవరకూ చుట్టడానికి పనికొచ్చే వస్తువు. ఆ రోజు ఆ సొరుగు ముందు ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చున్నాం, ఆ ఇంటాయనతో సహా. తన ఇంట్లో అది ఉందని ఆయనకీ తెలీదు పాపం.

ఆ జానెడు ముక్కలోంచి పుట్టిన కాగితంలో చుట్టిన కానుక అందుకోనివాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (ఆగి) చూశారా. మావారు ఎత్తారు. ఆయనకి కానుకలు ఇచ్చేదెవరు లెండి. (నవ్వులు)

అయితే ఆవిడకో రోగం ఉంది, అది చెప్తే గానీ అసలు విషయంలోకి రాలేను. పాతవాటిలో ఒక్క వంక పెట్టదు. కాలు వంకరగా ఉన్న గుర్రాన్ని చూసి కూడా "అలా వేశారంటే ఏదో ఉద్దేశం ఉంటుంది" అంటుంది. అదే తను గీసిందైతే, అచ్చులోంచి బయటికి రాకముందే మొదలు: ఈ కొమ్మ లావైంది, ఈ పువ్వు మొహం వాచినట్టుంది. మేం ఎంత పొగిడినా "నాదేముందే, అంతా పాతవాళ్ళది, నేను దుమ్ము దులిపాను" అంటుంది. ఇది వినయం అనుకుని చాలామంది మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోను. పక్కనే ఉన్నదాన్ని, ఆ మాట అన్నాక ఆవిడ మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు.

ఇప్పుడు చెయ్యి వణకడం మొదలైంది. సన్న గీత నిలవడం లేదు. అందుకే ఈ విరమణ. ఈ సంగతి తెలిసి అధ్యక్షులవారు స్వయంగా మా దుకాణానికొచ్చి, "అమ్మా, మీ బొమ్మలన్నీ కార్డులుగా ఒకే పెట్టెలో పెట్టి, మీ పేరుతో అచ్చు వేస్తాం" అన్నారు. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. మా అక్క టీ కప్పు కింద పెట్టి "ఇంకొకళ్ళ సొమ్ము మీద నా పేరు రాసుకోమంటారా?" అంది. ఆయన బతిమాలారు. అప్పుడు గోడ మీదున్న దండ వైపు చెయ్యి చూపించి, "పేరు వేసుకోవాలంటే అదిగో, అలాంటి చెయ్యి ఉండాలి" అంది. ఆ రాత్రి ఇంట్లో వంటగదిలో నాతో మెల్లిగా అన్న మాట ఆవిడ అనుమతి లేకుండా ఇక్కడ చెప్తున్నాను, తిట్టుకో అక్కా పరవాలేదు: "ఇన్నేళ్ళు గీశానే. నాదంటూ ఒక్క గీత లేకుండా వెళ్ళిపోతున్నాను."

ఆ దండ సంగతి చెప్పాలి. పదేళ్ళ క్రితం, అదిగో వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడే, పాత సామాన్ల ఆయన, మేం ముద్దుగా తుప్పు బాబాయ్ అంటాం, ఆయన దగ్గర విరిగిన దీపాల మధ్య దొరికింది. ఏడు గుండ్రటి అట్టలు, ఒక్కోదాని మీద ఒక పిట్ట. మామూలుగా దండలో దారం కోసం పైన చిల్లు పెడతారు. ఇందులో చిల్లు పిట్ట ముక్కు దగ్గర పెట్టారు. దారం గుచ్చితే, పిట్టలన్నీ ముక్కున దారం పట్టుకుని గాల్లో మోసుకెళ్తున్నట్టు ఉంటుంది. మా అక్క దాన్ని ఎత్తి పట్టుకుని అలా నిలబడిపోయింది. బాబాయ్ అదే అదను అనుకుని "నూరేళ్ళ పైమాటే అమ్మా, ఏదో జమీందారు ఇంటిది" అని మొదలుపెట్టాడు. ఎంత పెట్టి కొన్నామో చెప్పను, బావగారు ఇక్కడే ఉన్నారు. (నవ్వులు) అప్పటి నించీ అది దుకాణం లోపలి గదిలో, అద్దం ఫ్రేములో, ఆవిడ బల్ల ఎదురుగా. పొద్దున్నే వచ్చి దాని ముందు ఒక్క నిమిషం నిలబడి గానీ కుంచె పట్టుకోదు. పదేళ్ళలో దానికి ఒక్క వంక పెట్టలేదు.

మొన్న వానకి కిటికీలోంచి జల్లు కొట్టి ఆ అద్దం లోపల చెమ్మ చేరింది. కొత్త ఫ్రేము కట్టించి ఈ సభలో బహుమతిగా ఇద్దామని, ఆవిడతో చెమ్మ ఆరబెట్టించడానికని మాత్రం చెప్పి ఫ్రేములు కట్టే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన వెనక చెక్క ఊడదీశాడు. అట్టల వెనకాల అతికించిన గోధుమరంగు కాగితం నానిపోయి లేచి ఉంది. "తీసి కొత్తది వేస్తానమ్మా" అని ఒక్కోటీ ఒలిచాడు. లోపల గులాబీరంగు అట్ట. ఒకదాని మీద చెవి. ఇంకోదాని మీద మీసాలు. ఇద్దరం మొహామొహాలు చూసుకుని ఏడింటినీ బల్ల మీద బోర్లా పెట్టి అటూ ఇటూ జరిపితే, ముక్కలు ముక్కలుగా ఒక కుందేలు. బూట్లేసుకున్న కుందేలు!

ఆ కుందేలు నాకు తెలుసండీ. మా అమ్మాయికి నేను కొన్న మొట్టమొదటి బూట్ల పెట్టె మూత అది.

పరుగున ఇంటికొచ్చి అత్తయ్యని అడిగాను. ఆవిడ పప్పులో రాళ్ళు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "నీ కూతురి మొదటి పుట్టినరోజుకి పెద్ద కోడలు చేసిన దండ కదే అది. దుకాణం మారుస్తున్నాం, పాత బొమ్మల పెట్టెలన్నీ మూటలు కట్టేశాం, చూసి వేయడానికి ఒక్కటీ చేతిలో లేదు. పిల్ల పుట్టినరోజు బోసిగా ఉంటుందా అని, ఉన్న అట్ట కత్తిరించి, కిటికీ దగ్గర కూర్చుని తోచింది వేసేసింది. తర్వాత ఎదురింటివాళ్ళు అడిగితే ఇచ్చేసింది, వాళ్ళు ఇంకెవరికిచ్చారో" అంది. ఆ రోజు పిల్ల ఏడుపుతో నేను దండ వైపు చూసిందెక్కడ? చూసినా అప్పుడవి ఎర్రటి పిట్టలు. ఎన్ని ఇళ్ళ గోడల మీద ఎండకి ఎండాయో, ఇటుకపొడి రంగుకి వచ్చేశాయి. ఇక పిట్టలు వేసిన కాగితం అంత పాతదిలా ఎలా ఉందంటారా, అలవాటు కొద్దీ టీలో ముంచే అట్టకి అతికించింది. ఊరందరినీ నమ్మించిన టీ చివరికి కాచినావిడనే నమ్మించింది! (నవ్వులు, చప్పట్లు)

ఉండండి, ఉండండి. చప్పట్లు ఆవిడ కొట్టనిస్తేనే. అటు చూడండి, తల అడ్డంగా ఊపుతోంది. అమ్మాయ్, పెద్దమ్మ చేతికి ఆ పొట్లం అందించు. విప్పు అక్కా. మీరంతా కాస్త ఓపిక పట్టాలి, ఆవిడ చింపదు. అధ్యక్షులవారూ, మంచినీళ్ళు తాగండి, ఈలోగా సభ ముగిసిపోదు. (నవ్వులు)

(ఒక్కో అతుకూ గోరుతో విప్పుతున్న చప్పుడు)

ఏమిటి? మైకు దగ్గరికి పెట్టండి, ఆవిడ ఏదో అంటోంది. "నేను కాదు, నేనింత బాగా వెయ్యలేను" అంటోంది. వినండి! బావగారూ, ముప్ఫై ఏళ్ళుగా నా పోరు ఇదే. అక్కా, నాతో వాదించకు. వెనక్కి తిప్పి చూడు, కుందేల్ని అలాగే ఉంచమన్నాను. ఆ... కళ్ళజోడు పెట్టుకో. తాపీగా చూడు.

హాల్లో ఇంతమందిమి ఉన్నాం, పైన కాగితపు గంటలు కదులుతున్న చప్పుడు వినబడుతోంది. మా అత్తగారు చేతికర్ర ఆనుకుని ముందుకి వంగి చూస్తోంది.

ఏమిటక్కా? గట్టిగా చెప్పు.

"ముక్కు పొడుగైంది" అంటోంది.

"మూడో పిట్టకి ముక్కు మరీ పొడుగైపోయింది. చిల్లు పెడితే చిరుగుతుందేమో అని భయపడ్డాను" అంటోంది! (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

విన్నారు కదండీ? పదేళ్ళపాటు రోజూ ఎదురుగా నిలబడి చూసినా ఆ పిట్టకి ముక్కు పొడుగని ఆవిడకి తోచలేదు. ఈ క్షణంలో తోచింది. ఇక నేను సాక్ష్యాలు తేనక్కర్లేదు. అధ్యక్షులవారూ, పేరు వేసుకోవాలంటే ఎలాంటి చెయ్యి ఉండాలో మీ ముందే చెప్పింది కదా, ఆ చెయ్యి దొరికింది. మీ పెట్టె మీద పేరు ఆవిడ చేత్తోనే రాయించుకోండి. వణుకుతుంది. వణికినట్టే అచ్చు వేయండి, సాపు చేయకండి.

నాకు ఇంకా చాలా చెప్పాలని ఉంది గానీ, అక్క ఇప్పటికే ఆపమని చెయ్యి ఊపుతోంది. వచ్చిన మీ అందరికీ, కుందేల్ని బయటపెట్టిన ఫ్రేముల ఆయనకీ, అబద్ధం చెప్పి నిజాన్ని మాకు అమ్మిన తుప్పు బాబాయ్‌కీ, ఇలాంటి మనిషి పక్కన నాకింత చోటు ఇచ్చిన మా అత్తగారికీ కృతజ్ఞతలు.

అక్కా, దండ నువ్వు ఇంటికి పట్టుకెళ్ళు. పైన చుట్టిన కాగితం మాత్రం నాకు ఇచ్చెయ్యి, మడతపెట్టి దాచుకుంటాను. సెలవు.