గడి కాడ రోడ్డు వంకరెందుకు పోయింది

"దగ్గరికి జరుగుండ్రి, కంపెనీ బస్సు ఇంక రాలే. మైసమ్మ తల్లి మీద ఒట్టు, ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక కోసుకుంట," అన్నాడు మాణయ్య, సత్తెమ్మ చాయ్ హోటల్ బల్ల మీద కాళ్లు ముడుచుకుని. పాత దొరల గడికి కావలి మనిషి ఆయన. భక్తి గలవాడు, దేవత పేరు తలవకుండా ఆయన నోట కోత కూడా రాదు.

"చుట్టూ కంపెనీల నీళ్లకు బావులన్నీ ఎర్రగైనయి గద. ఇగ మనూరికి తియ్యటి నీళ్లంటే గడిలున్న మెట్లబావే. దాన్ని పూడ్చి, గడి కూలగొట్టి లారీలకు రోడ్డేస్తమని బుల్డోజర్ తెచ్చిండ్రు. నేను దర్వాజ కాడ నిలవడి చెయ్యి అడ్డం పెట్టిన. ఆగింది."

"వట్టి చేతికేనా?" అన్నాడు షిఫ్టుకు పోవాల్సిన రామన్న.

"వట్టి చేతికే. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? డ్రైవర్ మళ్ల గేరేసిండు, నేను భుజం ఆనిచ్చిన, అది ఎనక్కి జారుకుంట కర్దనూర్ దాక పోయింది, మళ్ల ఉరికొచ్చింది, ఇగ నేను తల్లిని తలుసుకొని దాన్ని గిరగిర తిప్పి ఇడిసిపెట్టిన. బొల్లారం మీదికెల్లి పోతుంటే మొగులైందని షిఫ్టోళ్లు గొడుగులు తీసిండ్రు. జోగిపేట అంగట్ల పడ్డది."

"మరి డ్రైవర్?"

"అండ్లనే ఉండె. అంగట్ల మక్కలు కొనుక్కొని బస్సుల వాపస్ వచ్చిండు. ఆఖరికి రోడ్డు సుత నన్ను జూసి జడుసుకుంది. గడి కాడ గట్ల వంకరెందుకు పోయిందనుకున్నరు?"

వంకర మాత్రం నిజమే. అందరూ అటు చూశారు.

సత్తెమ్మ చాయ్ గిన్నె దించింది. "మాణన్నా, మిషన్ చప్పుడినంగనే నువ్వు గడిల వడ్లు పోసే ఎదురుతడకల గుమ్మిల దుంకలేదా? పైకెక్కరాక 'అమ్మా, తల్లీ' అని ఒర్లుతుంటే, లోపల మైసమ్మ పలుకుతున్నదని డ్రైవర్ చెప్పులిడిసి మొక్కిండు. పొద్దుగూకినంక గుమ్మి కోసి నిన్ను తీసింది నేను గాదా?"

బల్లంతా నవ్వుతో ఊగింది. మాణయ్యా ఊగాడు.

"తీసింది చెల్లెనే. గని అంతకుముందు తానేం జేసిందో చెప్పదు. డ్రైవర్ మొక్కే యాళ్లకు బోనమెత్తుకొచ్చి మిషన్ ముంగట దించి కూసున్నది. బోనం దాటి బండి తోలుతడా ఎవడన్న? రోడ్డు పక్కకు మలుపుతమని ఆఫీసర్లు అన్నదాక లేవలే."

"గుమ్మిలున్న నీకెట్ల కనవడ్డదన్నా?" అన్నాడు రామన్న.

"పేడపూత రాలిన సందుల్లకెల్లి."

బస్సు హారన్ వినబడింది. మాణయ్య లేచి చేతులు జోడించాడు. "నా కోతలు ఈడనే ఇడిసిపోండ్రి. గా బోనం మాత్రం యాదుంచుకొని పదిమందికి చెప్పుండ్రి. గుమ్మి ముచ్చట జెర మర్చిపోండ్రి."