బాబు మియా గెలిచాడని చెప్పి వెళ్లండి

మేమంతా కలిసి ఎన్నుకున్న బాబు మియాను, గెలిచిన మర్నాడు పొద్దున్నే చాయ్ కూడా తాగనివ్వకుండా లారీ ఎక్కించి ఎడారి లోపలి సైటుకు పంపేశారు. పంపిన క్యాంప్ మేనేజర్ ముర్తుజా సాబ్, ఓటంటే ఏమిటో మాకు నేర్పిన అనిబాల్ సారుకు ఇప్పుడు వీడ్కోలు శాలువా కప్పబోతున్నారు. అందుకే నమస్కారాలు తర్వాత. యాకూబ్ భాయ్, నువ్వు సారు పక్కనే ఉన్నావు కాబట్టి నా మాటలన్నీ ఆయనకు హిందీలో చెప్పు. తియ్యగా చేసి చెప్పకు.

ముందు మాట్లాడినవాళ్లు సారును పొగిడారు. తప్పేం లేదు. క్యూబాలో పాత నియంతను దించడానికి కొట్లాడిన మనిషి, కొత్తగా వచ్చినవాళ్లు ఓట్లు పెడతామని పెట్టకపోతే "ఎప్పుడు పెడతారు?" అని నడిబజార్లో అడిగి జైలుకెళ్లిన మనిషి, ఆ తర్వాత పడవలో దేశం దాటి, సర్వే పని చేసుకుంటూ మస్కట్ నుంచి వేస్తున్న ఈ నిజ్వా రోడ్డు పనిదాకా వచ్చి, ఇక్కడి రేకుల రూములో చెమటలు కక్కుతూ, జైల్లో మిగిలిన స్నేహితుల కోసం దేశదేశాలకు ఉత్తరాలు రాసిన మనిషి. మన దగ్గర ఎమర్జెన్సీ పోయి ఓట్లు వచ్చినప్పుడు, "మీరు అదృష్టవంతులు" అని మాకు హల్వా పంచారు. ఇప్పుడు యూరప్‌లో పెద్ద సభలో మాట్లాడబోతున్నారు.

నాకు కుళ్లుగా ఉంది. ఆయన దేశం విడిస్తే త్యాగం, నేను విడిస్తే బతకపోయాడు. ఆయన జైలు గురించి పేపర్లు రాస్తాయి, బాబు మియా ఏడని మెస్‌లో అడిగితే "చుప్ బైఠో" అంటారు. ఇంకో కుళ్లు కూడా ఉంది. బాబు మియా నా రూమువాడు, డ్యూటీ దిగాక నాతో చాయ్ తాగేవాడు, సారు వచ్చాక ఆయన గుమ్మం వదల్లేదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నది నేనైతే, "హోషియార్ ఆద్మీ" అని సారు భుజం తట్టింది వాడిని! (నవ్వులు) నవ్వండి, నాకైతే ఇంకా మండుతోంది.

నీళ్ల ట్యాంకర్ వస్తే ముందు ఏ రూముకు పోయాలో మేనేజర్ పెట్టిన పెద్దులన్న చెప్పేవాడు, చివరి వరుసకు తుప్పు నీళ్లే దక్కేవి. పెద్దులన్నా, ఉన్నమాటే కదా. ఆ పనికి మనిషిని మీరే ఎన్నుకోండని సారు అన్నారు. కంబళి అడ్డం కట్టి, పెద్దులన్నకూ బాబు మియాకూ చెరో పాలడబ్బా పెట్టి, మనిషికో ఖర్జూరం గింజ ఇచ్చారు. మన నర్సయ్య మామ ఇంకో ఖర్జూరం తిని, ఆ గింజ కూడా పట్టుకుపోయి రెండు డబ్బాల్లోనూ వేశాడు. అదేంది మామా అంటే, "ఇద్దరు మనోళ్లే గదరా, ఒకనికేస్తే ఇంకొకని మొకం చిన్నబోతది" అన్నాడు. (పెద్దగా నవ్వులు) సారు కోప్పడలేదు. డబ్బాలు బోర్లించి, "నర్సయ్యా, ఏక్ ఆద్మీ, ఏక్ గుట్లీ" అని మొదటినుంచి వేయించారు. తానే లెక్కపెట్టి, బాబు మియా చెయ్యి పైకెత్తారు.

మర్నాడే లారీ వచ్చింది. "నా బొంత పైలంరా తమ్మీ, మళ్లొస్త" అన్నాడు బాబు మియా. మేము అడ్డం నిలబడితే ముర్తుజా సాబ్, "లేబర్ మాట నాకొద్దు. గెలిచిండని ఒక్క ఆఫీసరుతో చెప్పించుండ్రి, దింపుత" అన్నారు. అక్కడున్న ఆఫీసరు మీరొక్కరే, సారూ. మీరు నేల చూశారు.



ఆ సాయంత్రం నేనడిగితే, "నా పాస్‌పోర్టు చెల్లదు. ఈ కంపెనీ పొమ్మంటే నాకు పోవడానికి దేశం లేదు" అన్నారు. అది నిజమే. మమ్మల్ని తరిమితే కనీసం ఊరికి చేరతాం. కానీ ఇప్పుడు మీ జేబులో యూరప్‌లో ఉండనిచ్చే కాగితం ఉంది. ఇంకా భయం దేనికి?

మీరు నేర్పినదానికి చేతులెత్తి దండం పెడుతున్నాను, వట్టి మర్యాదకు కాదు. కానీ అక్కడి సభలో మీ స్నేహితుల పేర్లు చదివే ముందు, ఇక్కడ ఒక్క పేరు చెప్పండి. బాబు మియా గెలిచాడని, మీ కళ్లతో చూశారని, ముర్తుజా సాబ్ మొహమ్మీదే అనండి. రేపు పొద్దున మీ మస్కట్ బండి కదిలేలోగా జవాబు కావాలి. నా సెలవు ఆ తర్వాతే.