యతిరాజులన్న ఫోకస్ తప్పలేదు

పంకజం వదినా, కోడంబాక్కం స్టూడియోల నుంచి వచ్చిన పాత మిత్రులారా, మన ప్రకృతి ఫొటోగ్రాఫర్ల సంఘం సభ్యులారా!

యతిరాజులన్న పోయి పదకొండు రోజులైంది. ఏ సభకు వచ్చినా ఆయన ముందు వరుసలో కూర్చునేవాడు కాదు. వెనక తలుపు దగ్గర నిలబడి, వేదిక ఎన్ని అడుగుల దూరమో కంటితో కొలిచేవాడు. ఇందాకటి నుంచి ఆ తలుపు వైపు నేను రెండుసార్లు చూశాను.

నా పేరు ప్రేమ్‌నాథ్. సినిమాల్లో స్టిల్స్ తీసేవాణ్ణి. అన్నేమో ఫోకస్ అసిస్టెంట్. హీరో నడిచొస్తుంటే కెమెరా పక్కన నిలబడి, ఆ ముఖం మసకబారకుండా లెన్సు తిప్పే పని. తెర మీద పేరు ఎక్కడో చివర పడేది. కానీ ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన పొరపాటు వల్ల ఒక్క షాటైనా మళ్లీ తీశారా? ఇక్కడున్న కెమెరామెన్లు చెప్పండి, తీశారా?

రిటైరయ్యాక ఆయన ఎవరి వెంట పడ్డాడు? రూపాయి బిళ్లంత మొక్క వెంట! దాని పేరు డ్రోసెరా. చెంగల్పట్టు దాటాక ఒక చెరువు కట్ట కింద, వానలు తగ్గాక, తడి ఇసుకలో ఎర్రగా నేలకు అతుక్కుని ఉంటుంది. ఆకుల నిండా వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన జిగురు బొట్టు. తేనె అనుకుని పురుగు వాలుతుంది. అంటుకుంటుంది. ఆ మొక్క దాన్ని తినేస్తుంది. పెద్ద పెద్ద హీరోలకు ఫోకస్ పట్టిన మనిషి దాని ముందు బురదలో బోర్లా పడుకునేవాడు. లెన్సుకూ మొక్కకూ మధ్య మూడంగుళాలు ఉండవు, అయినా జేబులోంచి కొలత టేపు తీసేవాడు! నేను నవ్వితే, “కన్ను అబద్ధం చెప్తాది ప్రేమూ, టేపు చెప్పదు” అనేవాడు. ఆ బురద లుంగీలు ఉతకలేక, “ఆ చెట్టునే కట్టుకొనుంటే సరిపోయుండు” అని వదిన విసుక్కునేది.

ఆయనకో పట్టుదల ఉండేది. చిక్కుకున్న పురుగును విడిపించడు. రాని పురుగును తెచ్చి పెట్టడు. “ఆడ జరిగేది తీయాల, మనం జరిపించేది కాదు.” ఎన్ని ఆదివారాలు వట్టి చేతులతో బండెక్కామో లెక్కలేదు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. ఆరేళ్లుగా దాచుకున్నది.

ఆరేళ్ల కిందట మన ప్రదర్శనలో ఆయన ఫొటోకు మొదటి బహుమతి ప్రకటించాం. ఆకు నడుమ చీమ. గుర్తుందా? తెరిచే రోజు పొద్దున ఆయనే వచ్చి దాన్ని గోడ మీంచి దించేశాడు. అడిగితే, “ఫోకస్ తప్పింది” అన్నాడు. ఆ మాట కోడంబాక్కం అంతా పాకింది. యతిరాజులుకు చూపు పోయిందన్నారు. కుర్రాళ్లకు పాఠం చెప్పమని పిలిచేవాళ్లు పిలవడం మానేశారు. వదిన భయపడి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళితే, చుక్కలు వేయించుకుని బుద్ధిగా కూర్చున్నాడు. కళ్లు బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు. మరి ఫోకస్ ఎట్ల తప్పిందని వదిన నన్నే అడిగింది. నేను మాట మార్చాను.

వదినా, ఫోకస్ తప్పలేదు.

ఆ చీమను పెట్టింది నేను. మూడు ఆదివారాలు ఒక్క పురుగూ రాలేదు. నాకు మోకాళ్ల నొప్పి, ఓపిక చచ్చింది. ఆయన అటు తిరిగి లెన్సు తుడుచుకుంటుండగా, నా టిఫిన్ డబ్బా మీద పాకుతున్న చీమను రెండు వేళ్లతో పట్టి ఆకు మీద వదిలాను. చీమ పడిందని కేక కూడా వేశాను. ఆయన ఎంత సంబరపడ్డాడో!

పెద్ద ప్రింటు గోడకెక్కాక ఆయన చూశాడు. చీమ వెనక కాలు నలిగి విరిగింది. జిగురుకు అంటుకున్న కాలు అలా నలగదని, వేళ్లతో పట్టుకుంటేనే నలుగుతుందని ఆయనకు తెలుసు. ఫోకస్ నిజంగా తప్పి ఉంటే ఆ కాలు కనిపించేదా? నా మోసం దాగిపోయేది కదా! నా పేరు ఒక్కసారి చెబితే సరిపోయేది. చెప్పలేదు. జన్మంతా కష్టపడి తెచ్చుకున్న ఒకే ఒక్క పేరును తనే పోగొట్టుకున్నాడు. నాతో మాత్రం, “ఆ చెట్టుకు ఆకలైతే అదే చూసుకుంటాది. ఆదివారం ఆరున్నర బండికి వచ్చేయ్” అన్నాడు.

వెళ్లాను. ఆరేళ్లూ వెళ్లాను. ఆయన బతికుండగా మీ ముందు ఈ మాట చెప్పలేకపోయాను. సిగ్గుగా ఉంది.

ఆ ఫొటో తెచ్చాను. పూలమాల వేసిన ఆయన పటం పక్కనే పెట్టాను. వెళ్లేముందు దగ్గరికి వచ్చి చూడండి. ఒక్కో వెంట్రుకా, ఒక్కో బొట్టూ, ఆ విరిగిన కాలూ చూడండి. చూసి, కోడంబాక్కంలో నలుగురికి చెప్పండి.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. అన్న ఫోకస్ పట్టేటప్పుడు సెట్‌లో ఎవరూ కదిలేవాళ్లు కాదు, దగ్గేవాళ్లు కూడా కాదు. రెండు నిమిషాలు అలాగే ఉందాం.