ఖల్లీ అంటే ఖాలీ కాదు

అరబ్బు దేశపు ఇబ్రా ఊళ్లో బేస్తవారం సైట్ దిగి చాయ్ దుకాణం బల్ల మీద కూర్చుంటే భూమయ్య చేతులకు సెలవు, నోటికి డ్యూటీ మొదలు. ఆ సాయంత్రం మరీ హుషారొచ్చింది. రూమ్‌లో కొత్తగా చేరిన నర్సయ్యను, నీళ్ల డబ్బా మోసేందుకు తెల్లారి వేటకు రమ్మన్నాడు వాళ్ల అరబ్బు యజమాని, అందరూ అర్బాబ్ అని పిలిచే ముసలాయన.

"వేట సంగతి నన్నడుగు తమ్మీ. పోయినేడు గా డబ్బా మోసింది నేనే. మోసిన, అంతే. లేని గొప్ప నాకెందుకు?"

మూలన అర్బాబ్ జీపు డ్రైవర్ ఖమరుద్దీన్ గ్లాసు ఊదుకుంటున్నాడు. భూమయ్య అటొకసారి చూసి, "భాయ్‌కి ఇంకో చాయ్ పొయ్యుర్రి!" అని కేకేసి మళ్లీ అందుకున్నాడు.

"అర్బాబ్ తుపాకిని జీపుకు ఆనిచ్చి నమాజుకు పోయిండు. పోతపోత 'ఖల్లీ, ఖల్లీ' అన్నడు. ఖాలీ తుపాకేనాయె, చేతిల పట్టుకున్న. గంతల్నే తుప్ప ఎనుక తెల్లగ ఒక కుందేలు, వంగుతది, లేస్తది. మేకంతున్నది!"

"మేకంత కుందేలా?" అన్నాడు అదే రూమ్‌లో ఉండే లచ్చన్న.

"నడుమ మాట్లాడకురా, ఒంటెంతున్నా నేను తగ్గించి చెప్తున్న. గురి పెట్టిన. ఖాలీ తుపాకి ఢామ్మన్నది! తూటా పోయి రెండు కౌజు పిట్టల్ని గుచ్చుకొని, గుట్టకు తాకింది. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? గుట్ట పగిలి నీళ్లూరినయి. ఇబ్రా ఖర్జూర తోటలన్నీ ఆ నీళ్ల మీదనే బతుకుతున్నయి!"

"గా తోటలు మా తాతకంటె పాతయి గదనే!" అన్నాడు లచ్చన్న.

"మరి తూటా అంత జోరుగ పోయింది. ఎనుకటి కాలానికి సుత పోయింది!"

అందరూ పగలబడి నవ్వారు. నర్సయ్య మాత్రం నవ్వలేదు. పక్కనున్న పార ఎత్తి భుజానికి ఆనిచ్చి, లచ్చన్న కడుపు వైపు గురిపెట్టాడు. "ఖాలీ అంటే పట్టుకోవచ్చన్నట్టు. రేపు నేను సుత ఓసారి చూస్త భూమన్నా."

భూమయ్య నవ్వు ఆపి ఖమరుద్దీన్ వైపు చూశాడు.

ఖమరుద్దీన్ లేచి ముందు ఆ పార మూతిని నేలకు వంచాడు. తన టోపీ తీసి నర్సయ్య చేతిలో పెట్టాడు. "దీంట్ల ఏలు పెట్టు."

అంచు కాలిన చిల్లులోంచి దూరిన వేలు అవతలి చిల్లులోంచి బయటికొచ్చింది.

"భూమన్న తూటా ఎనుకటికి పోలే, గిట్లకెల్లి పోయింది. ఖల్లీ అంటె అరబ్బీల ముట్టకు, ఉండనియ్యి అని. మన ఖాలీ గాదు. ఇగ తుప్ప ఎనుక వంగి లేసింది కుందేలు గాదు, నమాజు చేస్తున్న అర్బాబ్. నేనురికి తుపాకి గొట్టాన్ని మీదికి లేపిన. టోపీ పోయింది, మనుషులం మిగిలినం. ఖాలీ అని ఎవ్వలన్నా, తెరిచి చూడందె నమ్మకు. మూతి మనిషి దిక్కు తిప్పకు. అవుతల ఏమున్నదో ఎరుక లేకుంటె ట్రిగ్గర్ మీద ఏలే పెట్టకు."

నర్సయ్య పారను మెల్లగా గోడకు ఆనిచ్చి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "రేపు నేను డబ్బానే మోస్త భాయ్."

లచ్చన్న మళ్లీ అందుకున్నాడు. "కుందేలు లేదు, పిట్టలు లెవ్వు. మరి గుట్టకెల్లి ఊరిన నీళ్లేవే, భూమన్నా?"

భూమయ్య ఆ టోపీని దులిపి, రెండు చేతులతో ఖమరుద్దీన్ తల మీద పెట్టి, భుజం మీది తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఇగో, ఇవ్వేరా. గానాటికెల్లి, ఈయన్ను సూసినప్పుడల్లా ఊరుతనే ఉన్నయి."