కొమమారు చివరి గుంట

ఎత్తకండి! ఆ ఫోన్ ఎత్తకండి, ఉబుకాత గారూ! మోగనివ్వండి. జపాన్ పిల్లలందరికీ మన నంబరే దొరికినట్టుంది, పొద్దుట్నుంచీ ఒకటే మోత.

తాగి అరవట్లేదండీ. భయమేస్తోంది, అంతే. మీరేమో మన నాలుగో వీడియో ఆటకి ఒప్పందం మీద ముద్ర వేయించుకుని, కాల్చిన బియ్యపు ముద్దలు, మోచీ, పట్టుకుని నవ్వుతూ వచ్చారు. ఎలా చెప్పేది?

మన మూడో ఆట ఉంది చూశారూ... దాని చివరి దశలో, కోట ముందు గుంట. అది దాటలేరండీ.

కష్టం కాదండీ బాబూ! అసాధ్యం!

మీరే కదా, పరీక్షించేటప్పుడు పని తొందరగా అవుతుందని ఒక బటన్ పెట్టారు? నొక్కితే మన ఆట హీరో, మన బొంగరం కొమమారు, ఇంకాస్త ఎత్తుకు ఎగురుతాడు. ఆ చివరి దశంతా నేను అది నొక్కి ఉంచే గీశాను. గుంటను ఆ ఎత్తుకే కొలిచి పెట్టి, మామూలు ఎగురుకి తగ్గించడం మర్చిపోయాను! అచ్చుకు పంపేరోజు మీరు ఆనవాయితీగా ఆ బటన్ తీసేశారు. పంపిణీ కంపెనీ ఆయన కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు, ఏడాది చివర్లో కొట్లకి చేరాలని. మొదటి దశ ఆడి చూసి ఇచ్చేశాం. ఆట కేసెట్లోకి ఒకసారి ఎక్కించేసినదాన్ని ఇంకెవరు దిద్దుతారు?

లాండ్రీ కొట్టు మీద గదిలో మొదటి ఆట చేసినప్పుడు ఎంత తిరిగామండీ! "బొంగరానికి మొహమేదయ్యా?" అని పంపిణీ కంపెనీలవాళ్లు తరిమేశారు. కనుబొమ్మలు పెడితే గానీ ఒక్కడూ అచ్చు వేయలేదు. రెండోది మరీ తేలిక, పిల్లలు ఒక్క ఆదివారంలో అవగొట్టేశారని తిట్టారు. అందుకే ఇది కావాలనే కష్టంగా చేశామనుకుని ఇప్పుడు ఎవరికీ అనుమానం రావట్లేదు. పత్రికవాళ్లయితే మరీనూ, "ఇంతవరకు ఎవరూ దాటని గుంట!" అని చప్పట్లు కొడుతున్నారు.

పొద్దున ఒక పిల్లాడు ఫోన్ చేశాడు. సెందాయ్ నుంచట. పండక్కి తాతయ్య ఇచ్చిన డబ్బులన్నీ పెట్టి కొనుక్కున్నాడట. బొటనవేలు బొబ్బలెక్కిందక్కా, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పవూ అన్నాడు. నేనేం చెప్పానో తెలుసా? "అంచు దాకా వెళ్లి ఎగురు నాన్నా. ఇంకొంచెం ప్రయత్నించు" అన్నాను. థాంక్స్ చెప్పి పెట్టేశాడు!

అదేంటి, అలా చూస్తారు? తిట్టండి! కంపెనీ మునుగుతుందా? మునగనీ. ఆ పంపిణీ ఆయనకి ఫోన్ చేసి చెప్పేద్దామండీ. కేసెట్లు వెనక్కి తెప్పిద్దాం. అయ్యో, మళ్లీ మోగుతోంది. మీరే ఎత్తుతారా? ఎత్తండి. నిజం చెప్పేయండి, మీరు చెబితే మర్యాదగా ఉంటుంది. పిల్లాడేనా? ఆ గుంట గురించేనా?

...

పెట్టేశారా.

మీరూ అదే మాట అన్నారేంటండీ? "ఇంకొంచెం ప్రయత్నించు" అని, అచ్చం నాలాగే?

సరే. ఆ మోచీ ఇటివ్వండి, చల్లారిపోతోంది. తర్వాత మోగితే నేనే ఎత్తి అదే మాట చెబుతాను.