మాస్టారి సహాయక క్రియలు

పెద్దలారా, మాస్టారి శిష్యులారా, ముందు వరసలో కూర్చున్న మాస్టారి ఇల్లాలు సంపూర్ణమ్మగారూ,

ఈ సభలో నేను పలకబోయే ప్రతి మాటకీ, పలకలేక మింగబోయే ప్రతి మాటకీ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పారిపోదామనే చూశానండి. ఈ హాలుకున్న ఒక్క తలుపుకీ అడ్డంగా ప్రిన్సిపాల్‌గారు కుర్చీ వేసుకున్నారు.

మన గున్నేశ్వరరావు మాస్టారు పోయారు. ఏళ్ల తరబడి మనకి తెలుగు వ్యాకరణం చెప్పారు. అందులోనూ ఆయన ప్రాణమంతా సహాయక క్రియల మీద. అసలు క్రియ వెనకాల చేరతాయే, వేయు, పోవు, పెట్టు, అవి. మనిషి మనసుని అవే పట్టిస్తాయనేవారు. నిజమేనా? నన్నడగండి. "పాఠం చదివేశానండి" అన్నానోసారి. "సత్తిబాబూ, చదివినవాడు 'చదివాను' అంటాడ్రా. ఆ 'వేయు'ని తోడెందుకు తెచ్చుకున్నావు? భయమేస్తోందా?" అన్నారు. ఆ రోజుతో ఆయన ముందు అబద్ధమాడే దారి మూసుకుపోయింది.

ఎమర్జెన్సీ రోజుల్లో తణుకు నుంచి బస్సులో వస్తున్నాం. రాజమండ్రి రాగానే కండక్టరు "దిగిపోండి, దిగిపోండి" అని కసిరాడు. మాస్టారు గుమ్మంలో ఆగిపోయారు. "'దిగండి' అను, దిగుతాను. ఆ 'పోవు' పెట్టి నన్ను గెంటకు!" ఆయన వెనక బస్సంతా ఇరుక్కుంది. చివరికి కండక్టరు చేతులు జోడించి, "దిగిపెట్టండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది!" అన్నాడు. ఏ వ్యాకరణంలో ఉందండీ 'దిగిపెట్టు'? అయినా మాస్టారు మురిసిపోతూ దిగారు. 'పెట్టు' అంటే ఇంకొకరి కోసం చెయ్యడమట.

మరి ఆస్పత్రిలో?

"ఇక ఇంటికి పంపేది లేదు" అని డాక్టరుగారు వరండాలో చెప్పారు. "ఆయనకి తెలియనివ్వకు నాయనా" అని సంపూర్ణమ్మగారు నా చేత ఒట్టు వేయించుకున్నారు. లోపలికెళ్లాను. "సత్తిబాబూ, నేను ఇంటికెళ్తానా?" అనడిగారు మాస్టారు.

ఏమనను? 'తగ్గిపోతుంది' అంటే దొరుకుతాను. 'వచ్చేస్తారు' అంటే దొరుకుతాను. 'వెళ్లిపోతారు' అంటే... అమ్మో! అటు ఒట్టు, ఇటు ఆయన చెవి. ఆ చిన్న గదిలో ఎటు తిరిగినా ఏదో ఒక సహాయక క్రియ నా కాలర్ పట్టుకుంటోంది.

ఆ సాయంత్రం ఆయన చెప్పులు తెప్పించి మంచం పక్కన పెట్టించుకున్నారు, హాయిగా నిద్రపోయారు. ఎందుకో మీకెవరికీ తెలియదు. సంపూర్ణమ్మగారూ, మీకూ తెలియదు.

దయచేసి అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. మౌనానికి ముందు నాదొక్క మాట. ఆయన కళ్లలోకి చూసి, "వెళ్తారండి" అన్నాను.

ఆయన నమ్మారు.