పదకొండు రోజుల ఎర్రర్

సకల జనుల సమ్మె రోజులు. సిద్దిపేటలోని ఓ కంటి దవాఖానలో ఆపరేటరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. బస్సులు లేక హైదరాబాద్ నుంచి బండి మీద వచ్చిన టెక్నీషియన్ ఆమె వెనక నిలబడి ఉన్నాడు.

“లైన్ మంచిగనే ఉన్నది చెల్లె. హైదరాబాద్ సర్వర్ ఒక్కనాడు గూడ బంద్ కాలే.”

“మరి గీ ఎర్రర్ ఏందన్నా? పదకొండు రోజులసంది మన పేషెంట్ల టేబుల్, గా ఆపరేషన్ల లిస్టు, హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోతనే లేదు.”

“ఏం రాసున్నదో చదివినవా?”

“లే. సమ్మె కదా, అన్నీ బందే అనుకున్న. ఫోన్ గూడ జెయ్యలే.”

“లాగిన్ ఫెయిల్ అని రాసున్నది. గీడ పాస్‌వర్డ్ ఎవరన్న మార్చిన్రా?”

“నేనే మార్చిన. సమ్మె మొదలైననాడు జై తెలంగాణ అని పెట్టిన.”

“మన టేబుల్‌ను తీసుకపోయే హైదరాబాద్ లింకుల పాత పాస్‌వర్డే ఉన్నది. రోజూ గదే చెప్తున్నది, మన సర్వర్ రానిస్తలేదు. రెండు నిమిషాల పని చెల్లె.”

“దుబ్బాక బుచ్చయ్య తాత పేరు గీ టేబుల్లనే ఉండె అన్నా. చీరలు నేసేటాయన. అర్జెంట్ ఆపరేషన్. పేరు పోలే, హైదరాబాద్‌కెల్లి పిలుపు రాలే. ఎడమ కంటికి ఇగ చూపు రాదని నిన్న డాక్టర్ చెప్పిండు.”

“తాతకేం చెప్పినవ్?”

“సమ్మె వల్లనే అని చెప్పిన. నేను ఏడుస్తుంటే ఆయనే నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ‘తెలంగాణ కోసం ఒక కన్ను పోతే పోనీ బిడ్డా’ అన్నడు.”

“హైదరాబాద్ లింకు గీడికెల్లే తెరిచిన. అండ్ల కొత్త పాస్‌వర్డ్ కొట్టు చెల్లె.”

“గా మాట నా చేతులతోని కొట్టలేనన్నా. నువ్వే కొట్టు.”